అంచు మీద పేరు చదివాకే జేబులో చెయ్యి పెట్టండి

ప్రశ్న: మాది విశాఖపట్నం. ఉద్యోగరీత్యా ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో ఉంటున్నాను. ఇక్కడి నౌకాదళ మ్యూజియాలు చూశాక పాత బ్రిటిష్ నేవీ, ఆర్మీ పతకాలు సేకరించాలనిపించింది. మొదటి విడతగా 400 పౌండ్లు పక్కన పెట్టుకున్నాను. ఆదివారం సంతలో ఒకాయన 'ట్రఫాల్గర్' అని పట్టీ ఉన్న వెండి పతకం 350కి ఇస్తానంటున్నారు. అంచు మీద ఒక నావికుడి పేరు, హోదా, 'హెచ్.ఎం.ఎస్. విక్టరీ' అని ఉంది. తీసుకోవచ్చా? అసలు, నకిలీ ఎలా తేల్చుకోవాలి? నల్లబడిన పతకాన్ని ఎలా శుభ్రం చేయాలి? మరో సంగతి: ఊళ్లో మా ఇంట్లో ముత్తాతగారి మొదటి ప్రపంచ యుద్ధం పతకాలు రెండున్నాయి. వాటిని ఇక్కడికి తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, పోర్ట్స్‌మత్

సమాధానం: ముందు ఆ ట్రఫాల్గర్ పతకం సంగతి. తీసుకోకండి. బేరమాడితే 150కి దిగినా తీసుకోకండి.

ట్రఫాల్గర్ యుద్ధం జరిగింది 1805 అక్టోబరు 21న. ఆ నావికులకు ప్రభుత్వం తరఫున పతకం ఇవ్వాలని నిర్ణయమైంది మాత్రం 1847లో, విక్టోరియా రాణి కాలంలో. దాని పేరు నేవల్ జనరల్ సర్వీస్ మెడల్. 1793 నుంచి 1840 వరకు జరిగిన నౌకాయుద్ధాలన్నిటికీ కలిపి ఒకే పతకం. ఏ యుద్ధంలో ఉన్నాడో చెప్పడానికి రిబ్బన్ మీద అడ్డంగా వెండి పట్టీ వేశారు, దీన్నే సేకర్తలు క్లాస్ప్ అంటారు. అప్పటికి బతికి ఉండి, తనంతట తాను దరఖాస్తు పెట్టుకున్నవాడికే పతకం దక్కింది. ట్రఫాల్గర్‌లో బ్రిటిష్ ఓడల మీద పదిహేడు వేల మందికి పైగా ఉన్నారు. నలభై రెండేళ్ల తర్వాత ఆ క్లాస్ప్‌తో వచ్చిన పతకాలు సుమారు 1,600. అదే 1840 నాటి 'సిరియా' క్లాస్ప్‌తో దాదాపు 7,000 వచ్చాయి, ఎందుకంటే ఆ యుద్ధం ముగిసి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. అసలైన ట్రఫాల్గర్ పతకం వేలంలో వేల పౌండ్లు పలుకుతుంది. అన్నిటికంటే ఎక్కువగా దొరికే సిరియా పతకమే మీకు చెప్పిన ధరకు రావడం కష్టం.

ధర ఒక్కటే కాదు. మీరు రాసిన అంచు వివరమే అసలు గుట్టు విప్పేస్తోంది. ఈ పతకం మీద మామూలు నావికులకు ఉత్త పేరే వేశారు. హోదా అధికారులకే ఉంటుంది. ఓడ పేరు ఉండదు. 'ఏ.బి., హెచ్.ఎం.ఎస్. విక్టరీ' అని (ఏ.బి. అంటే ఏబుల్ సీమన్, మామూలు నావికుడి హోదా) కనిపించిందంటే, ట్రఫాల్గర్ గెలిచిన అడ్మిరల్ నెల్సన్ ఓడ పేరు చూస్తే కొనేవాడు ఆగలేడని తెలిసినవాడు తర్వాత ఎప్పుడో వేయించినదన్నమాట. లోహం అసలుదే అయి ఉండొచ్చు. వేరే నావికుడి పేరు ఆకురాయితో గీకేసి, కొత్త పేరు చెక్కి, క్లాస్ప్ మార్చి ఉండొచ్చు. లేదా మొత్తం పోత పోసిన నకలే కావచ్చు. సంతలో ఆయన మోసగాడే అనక్కర్లేదు. నకళ్లను నకళ్లుగానే అమ్మే దుకాణాలు బోలెడున్నాయి, ఇరవై ఏళ్లు చేతులు మారేసరికి 'ఇది నకలు' అన్న చీటీ ఎక్కడో రాలిపోతుంది.

బ్రిటిష్ పతకాల సేకరణకు ప్రాణం ఆ అంచే. చాలా దేశాల్లో సైనికుడికి పేరు లేని పతకం చేతిలో పెట్టి పంపారు. బ్రిటన్ మాత్రం 1815 వాటర్లూ పతకం నుంచి చాలా పతకాలను హోదాతో నిమిత్తం లేకుండా సైనికుడి పేరు వేయించి ఇచ్చింది. ఆ పేరు పట్టుకుని వెళితే అతని ఓడ, రెజిమెంటు, పుట్టిన ఊరు, చావు దాకా దారి దొరుకుతుంది. అందుకే ఒకే అచ్చులో పుట్టిన రెండు పతకాల్లో ఒకటి ముప్పై పౌండ్లకు, ఇంకొకటి మూడువేలకు పోతుంది. అందుకే మోసం కూడా అంచు మీదే జరుగుతుంది.

అంచును ఎలా చూడాలో చెబుతాను. పది రెట్లు పెంచి చూపే భూతద్దం, వందో వంతు మిల్లీమీటరు చూపే డిజిటల్ వెర్నియర్ క్యాలిపర్, 0.1 గ్రాము తేడా పట్టే చిన్న త్రాసు కొనండి. మూడూ కలిపి మీ 400లో పదో వంతు కూడా కావు.

భూతద్దంలో ముందు అక్షరం లోతు చూడండి. పేరు వేయడంలో ప్రధానంగా రెండు పద్ధతులు. ఒకటి, అక్షరం అచ్చుతో లోపలికి కొట్టడం. దీనిలో అక్షరం అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉంటాయి. పేరులో 'ఈ' అక్షరం రెండుసార్లు వస్తే రెండూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. రెండోది చేత్తో చెక్కడం. గీత అడుగున సన్నగా, పైన వెడల్పుగా ఉంటుంది, మొదట్లోనూ చివర్లోనూ సూదిగా తేలిపోతుంది. అదే అక్షరం రెండుచోట్ల కొద్దిగానైనా తేడాగా ఉంటుంది. ఈ రెండిటిలో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అని కాదు. వాటర్లూ పతకం, నేవల్ జనరల్ సర్వీస్, మొదటి ప్రపంచ యుద్ధం పతకాలు అచ్చు కొట్టినవి, కాబట్టి వాటి మీద చెక్కిన పేరు కనిపిస్తే ఆగిపోవాలి. 1882 ఈజిప్ట్ పతకం ఆర్మీవాళ్లకు వాలు అక్షరాల్లో చెక్కి ఇచ్చారు, అక్కడ అదే సరైనది. అప్పటి భారత సైన్యానికి ఇచ్చిన చాలా పతకాల మీద గొలుసుకట్టు రాతలో చెక్కిన పేరు కనిపిస్తుంది, అది చూసి కంగారు పడకూడదు. ఏ పతకానికి ఏ శైలో పేరున్న వేలం సంస్థల పాత కేటలాగుల ఫొటోలు చూసి కళ్లకు అలవాటు చేసుకోండి. ఇది చదివి వచ్చే విద్య కాదు, చూసి చూసి రావలసిందే.

తర్వాత కొలత. ఎక్కువ బ్రిటిష్ యుద్ధ పతకాల వ్యాసం 36 మి.మీ. పాత పేరు చెరిపేయాలంటే లోహం గీకాలి, గీకితే వ్యాసం తగ్గుతుంది. పతకాన్ని గడియారం ముఖంలా ఊహించుకుని 1–7, 2–8, 3–9, 4–10, 5–11 గీతల మీద కొలవండి, 12 దగ్గర కొక్కెం అడ్డొస్తుంది. ఒకచోట 36.1, ఇంకోచోట 35.8 వస్తే తక్కువ వచ్చిన చోట ఏ అక్షరాలున్నాయో చూడండి. కింద పడి సొట్టపోయిన చోట కొలిస్తే లెక్క తప్పుతుంది, సొట్టలు తప్పించి కొలవండి. తెలివైనవాడు అంచు మొత్తాన్ని సమంగా గీకించి ఉంటాడు. అప్పుడు అన్నిచోట్లా ఒకే కొలత వస్తుంది గానీ మొత్తం మీద చిన్నదై ఉంటుంది. అంచు పక్కన పైకి లేచి ఉండే గట్టు కూడా సన్నబడి కనిపిస్తుంది. టార్చిలైటును పక్కనుంచి వాలుగా వేసి తిప్పండి. సగం చెరిగిన పాత అక్షరాల నీడలు కొత్త పేరు కింద తేలితే ఇక మాట్లాడేదేమీ లేదు.

పోత పోసిన నకలుకు వేరే గుర్తులుంటాయి. కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి అసలు పతకం నుంచి అచ్చు తీసి పోసినది అరమిల్లీమీటరు దాకా చిన్నదవుతుంది. రాణి జుట్టు పాయలు మెత్తబడి కలిసిపోతాయి. మైదానంలా ఉండాల్సిన చోట సూదిమొన పాటి గుంటలు కనిపిస్తాయి.

క్లాస్ప్‌లు ఒకదానికొకటి పక్కల చెవుల దగ్గర చిన్న రివెట్లతో బిగిస్తారు. రివెట్ల తలలు ఒకేలా లేకపోయినా, తీగముక్క దూర్చినట్టున్నా, టంకం మరక కనిపించినా కారణం అడగండి. కొన్ని యుద్ధాలకు క్లాస్ప్‌లు ఆలస్యంగా విడిగా పంపితే సైనికుడే కంసాలి చేత వేయించుకునేవాడు. కాబట్టి వంకర రివెట్ కనబడగానే నకిలీ అనలేం. ఆ మనిషికి ఆ క్లాస్ప్‌కు హక్కుందో లేదో చెప్పాల్సింది రోల్ మాత్రమే. రోల్ అంటే పతకం ఎవరెవరికి ఇచ్చారో ఆనాడే రాసిపెట్టిన అధికారిక జాబితా.

ఇక మీ 400తో ఏం మొదలుపెట్టాలి? నా సలహా మొదటి ప్రపంచ యుద్ధం నాటి నేవీ పతకాలు. మూడుంటాయి. 1914–15 స్టార్ కంచు నక్షత్రం, పేరు వెనకవైపు ఉంటుంది. బ్రిటిష్ వార్ మెడల్ స్టెర్లింగ్ వెండి, బరువు ఒక ఔన్స్ దగ్గరగా, పేరు అంచు మీద. విక్టరీ మెడల్ కంచు, రెక్కల దేవత బొమ్మ, హరివిల్లు రంగుల రిబ్బన్, పేరు అంచు మీదే. 1914–15 స్టార్లు 23 లక్షలకు పైగా, వెండి వార్ మెడళ్లు 60 లక్షలకు పైగా ఇచ్చారు. ఇన్ని ఉన్నవాటికి నకిలీ చేసి బాగుపడేవాడు లేడు, కాబట్టి నేర్చుకునేవాడికి ఇంతకంటే క్షేమమైన చోటు దొరకదు. ఈ మూడింటిలో వెండిదే ఎక్కువగా తప్పిపోయి ఉంటుంది. 1980 జనవరిలో వెండి ఔన్సు 50 డాలర్ల దరిదాపులకు ఎగబాకినప్పుడు లెక్కలేనన్ని వార్ మెడళ్లు కరిగిపోయాయి. విక్టరీ మెడల్ ఒంటరిగా అంత చవగ్గా దొరకడానికి కారణం అదే.

నేవీవే ఎందుకన్నానంటే కాగితాల వల్ల. ఆర్మీ మామూలు సైనికుల సర్వీసు రికార్డుల్లో సగానికి పైగా 1940 సెప్టెంబరులో లండన్ మీద జరిగిన బాంబుదాడిలో తగలబడిపోయాయి. మిగిలినవి కూడా అంచులు కాలి, నీళ్లకు తడిసినవే. ఆర్మీ మనిషి పతకం కొంటే, తరచుగా డబ్ల్యూఓ 372 అనే వరుసలోని ఇండెక్స్ కార్డు, డబ్ల్యూఓ 329లోని రోల్ తప్ప ఇంకేమీ దొరకదు. నేవీ నావికుల రిజిస్టర్లు మాత్రం క్షేమంగా ఉన్నాయి. లండన్ కియూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏడీఎం 188 వరుసలో నావికుల సర్వీసు పుటలు, ఏడీఎం 171లో పతకాల రోళ్లు, ఏడీఎం 196లో అధికారులు, ఏడీఎం 159లో రాయల్ మెరీన్స్, అంటే నేవీకి చెందిన సైనికులు. నావికుడి నంబరు కొడితే ఆన్‌లైన్‌లోనే పుట తెరుచుకుంటుంది. పుట్టిన తేదీ, ఊరు, చేరకముందు చేసిన పని, ఎత్తు, కళ్ల రంగు, పచ్చబొట్టు, ఏ ఓడలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, నడవడి ఎలాంటిది, అంతా ఒక్క పుటలో ఉంటుంది.

నంబరు ముందున్న అక్షరమే చాలా చెబుతుంది. 1908 జనవరి నుంచి చేరినవాళ్లలో 'జె' అంటే డెక్ నావికులు, సిగ్నల్, వైర్‌లెస్ మనుషులు. 'కె' అంటే బొగ్గు పొయ్యిల దగ్గర పనిచేసే స్టోకర్లు. 'ఎల్' అంటే అధికారుల వంటవాళ్లు, స్టీవార్డులు. 'ఎం' అంటే వడ్రంగులు, కమ్మర్లు, వైద్యసహాయకులు లాంటి తక్కినవాళ్లు. మెరీన్స్‌కు వాళ్ల డివిజన్ గుర్తు ఉంటుంది: 'సీహెచ్' ఛాతమ్, 'పీఓ' పోర్ట్స్‌మత్, 'పీఎల్‌వై' ప్లిమత్. అంచు మీద 'కె' నంబరు ఉండి హోదా సిగ్నల్‌మన్ అని ఉంటే రిజిస్టరు చూడకముందే అనుమానం రావాలి. నేవీ మనిషికి 1914–15 స్టార్ బదులు 1914 స్టార్ ఉంటే, అతను 1914 అక్టోబరులో ఆంట్వెర్ప్ దగ్గర నేల మీద పోరాడిన రాయల్ నేవల్ డివిజన్ వాడై ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు ధర కూడా పెరుగుతుంది.

రిజిస్టరు చదివేటప్పుడు కొత్తవాళ్లు పడే గొయ్యి ఒకటుంది, మీరు పోర్ట్స్‌మత్‌లోనే ఉన్నారు కాబట్టి మరీ జాగ్రత్త. ఓడల వరుసలో 'విక్టరీ I' అనో 'విక్టరీ II' అనో కనబడితే అది డాక్‌లో ఉన్న నెల్సన్ ఓడ మీద కొలువు కాదు. పోర్ట్స్‌మత్ బ్యారక్స్ లెక్కల పుస్తకాల పేరది. అలాగే 'వివిడ్' అంటే డెవన్‌పోర్ట్, 'పెంబ్రోక్' అంటే ఛాతమ్. 'ప్రెసిడెంట్ III' అని ఉంటే వ్యాపార నౌకల మీద తుపాకులతో కాపలా వెళ్లిన గన్నర్ కావచ్చు. డిస్ట్రాయర్లు, జలాంతర్గాముల లాంటి చిన్న నౌకల సిబ్బంది జీతాలు వాటి బాగోగులు చూసే డిపో ఓడ పుస్తకంలో నడిచేవి, అసలు నౌక పేరు పక్కన బ్రాకెట్లో ఉంటుంది. ఆ బ్రాకెట్ చూడకుండా వదిలేస్తే 1916 జట్లాండ్ నౌకాయుద్ధంలో పోరాడినవాడిని రేవులో కూర్చున్నవాడనుకుంటారు. అమ్మేవాడు 'హెచ్.ఎం.ఎస్. విక్టరీ నావికుడు' అని అదనంగా అడిగితే పైసా ఎక్కువ ఇవ్వకండి.

జట్లాండ్ పేరు వచ్చింది కాబట్టి ఇంకొక హెచ్చరిక. 1916 మే 31, జూన్ 1 తేదీల్లో జరిగిన ఆ యుద్ధంలో ఇన్విన్సిబుల్, ఇండిఫాటిగబుల్, క్వీన్ మేరీ అనే మూడు బ్యాటిల్‌క్రూజర్లు పేలి మునిగాయి. వాటితో పోయినవాళ్ల పతకాలకు గిరాకీ ఎక్కువ. బ్రిటిష్ వార్ మెడల్‌కు నేవీ తరఫున 68 క్లాస్ప్‌లు ప్రతిపాదించారు గానీ ఖర్చు చూసి వెనక్కి తగ్గారు, అసలు పరిమాణంలో అధికారికంగా ఒక్కటీ ఇవ్వలేదు. పెద్ద పతకం మీద 'జట్లాండ్' పట్టీ కనబడితే ఎవరో సొంతంగా వేయించినదే. కోటు మీద పెట్టుకునే చిన్న మినియేచర్ పతకాల మీద ఆనాటివే కనిపిస్తాయి, అవి వేరే సంగతి.

రిజిస్టరు పుటలో 'డీడీ' అంటే కొలువులో ఉండగా చనిపోయాడని. 'రన్' అంటే పారిపోయాడని. పారిపోయినవాడి పతకాలు సాధారణంగా జప్తయ్యేవి. అతని పేరుతో మూడూ మెరుస్తూ కనిపిస్తే ఏడీఎం 171లో తిరిగి ఇచ్చినట్టు రాసి ఉందేమో చూశాకే డబ్బు తీయండి. అంచు మీద 'రీప్లేస్‌మెంట్' అనో చివర 'ఆర్' అనో ఉంటే పోగొట్టుకున్నవాడికి తర్వాత అధికారికంగా మళ్లీ ఇచ్చిన పతకం. నకిలీ కాదు, విలువ మాత్రం తగ్గుతుంది.

వ్యాపార నౌకల్లో పనిచేసినవాళ్లకు మర్కంటైల్ మెరీన్ వార్ మెడల్ అని వేరే కంచు పతకం ఉంది, ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు రిబ్బన్. 1,33,000 పైచిలుకు ఇచ్చారు. దాని మీద ఉత్త పేరే ఉంటుంది కాబట్టి మరీ మామూలు పేరు తీసుకోకండి, వెతకలేరు. అరుదైన ఇంటిపేరున్నది చూసుకుంటే నేషనల్ ఆర్కైవ్స్‌లో బీటీ 351 కార్డు దొరుకుతుంది.

నాలుగైదు జతలు చేతిలోకి వచ్చి, కన్ను కుదిరాక రెండో మెట్టుగా 1882 ఈజిప్ట్ పతకం వైపు చూడండి. నేవీ మనిషికి ఇచ్చిన దాని మీద ఓడ పేరు ఉంటుంది, నాకు అందులో ఉన్న ఆనందం మరెందులోనూ లేదు. 1882 జూలై 11న అడ్మిరల్ బ్యూచాంప్ సీమూర్ ఆధ్వర్యంలో అలెగ్జాండ్రియా కోటల మీద ఫిరంగులు పేల్చిన నౌకల సిబ్బందికి 'అలెగ్జాండ్రియా 11 జూలై' అనే క్లాస్ప్ వచ్చింది. అలెగ్జాండ్రా, ఇన్‌ఫ్లెక్సిబుల్, సుపర్బ్, సుల్తాన్, టెమెరేర్, ఇన్విన్సిబుల్, మోనార్క్, పెనెలోపీ అనే ఎనిమిది ఉక్కుకవచ నౌకలు, వాటితో కాండార్ లాంటి చిన్న గన్‌బోట్లు. అంచు మీద సైనికుల్ని మోసిన రవాణా ఓడ పేరుండి, రిబ్బన్ మీద ఈ క్లాస్ప్ ఉంటే రెండూ పొసగవు. రోల్ తెరవక ముందే ఇంత తేల్చుకోవచ్చు.

ఈ పతకానికి జోడీ ఖెడివ్ స్టార్, ఈజిప్ట్ పాలకుడి తరఫున ఇచ్చిన కంచు నక్షత్రం. దాని మీద అధికారికంగా పేరు ఉండదు. ఛాతీ మీద పక్కపక్కన వేలాడుతూ ఆ నక్షత్రం మొనలు వెండి పతకానికి కొట్టుకునేవి. అందుకే చాలా ఈజిప్ట్ పతకాల మీద రాణి చెంప, జుట్టు దగ్గర చిన్న చిన్న గుంటలుంటాయి. కేటలాగులో 'స్టార్ వల్ల గుంటలు' అని రాస్తే భయపడకండి. ఏళ్ల తరబడి కవాతుల్లో నిజంగా ధరించిన పతకమని అర్థం. నాకైతే అద్దంలా మెరిసేదానికంటే అదే ముద్దు. మద్రాస్ సాపర్లు, అంటే మద్రాసు సైన్యపు ఇంజినీరింగ్ దళం వాళ్లు కూడా ఈ యుద్ధానికి వెళ్లారు, తెల్-ఎల్-కెబిర్ పోరులో ఉన్నారు. వాళ్ల పేర్లున్న పతకాలు అరుదుగానైనా వేలానికి వస్తుంటాయి.

వాటర్లూ, ట్రఫాల్గర్, 1799 శ్రీరంగపట్నం పతకాలకు తొందరపడకండి. శ్రీరంగపట్నం పతకాన్ని ఈస్టిండియా కంపెనీ బంగారం, వెండి, కంచు, తగరాల్లో హోదాను బట్టి ఇచ్చింది, సింహం పులిని అణచే బొమ్మ ఉంటుంది. టిప్పు కథ తెలిసిన మనవాళ్లకు దాని మీద మమకారం సహజం. కానీ పేరు వేయలేదు, పైగా పాత అచ్చులతో తర్వాత కొట్టినవి చాలా ఉన్నాయి. పేరు లేని పతకంలో మీరు ఇప్పటిదాకా నేర్చిన అంచు విద్య అక్కరకు రాదు.

కొనేచోటు గురించి. వేలంలో పాట ఆగిన ధర మీరు కట్టే ధర కాదు. కమిషన్ 24 శాతం అనుకుందాం. 200 పౌండ్ల దగ్గర పాట ఆగితే కమిషన్ 48, దాని మీద 20 శాతం వ్యాట్ 9.60, మొత్తం 257.60, పోస్టేజీ అదనం. పాడేముందే ఈ లెక్క వెనక్కి వేసుకుని మీ గరిష్ఠం నిర్ణయించుకోండి. నూనన్స్, స్పింక్ లాంటి వేలం సంస్థలు పాత వేలాల ఫలితాలు అందుబాటులో ఉంచుతాయి. ఏ పతకం కొనాలన్నా అలాంటివే మరో ఐదు ఎంతకు పోయాయో చూడండి. దుకాణదారు దగ్గరైతే 'పేరు అధికారికంగా వేసినదే, తేడా వస్తే వాపసు తీసుకుంటాను' అని రసీదు మీద రాయించుకోండి. మంచివాడు అడగకముందే రాస్తాడు. 1942లో పుట్టిన ఆర్డర్స్ అండ్ మెడల్స్ రీసెర్చ్ సొసైటీలో సభ్యత్వం తీసుకోండి. మీ చేతిలోని పతకం చూసి రెండు నిమిషాల్లో చెప్పగలవాళ్లు అక్కడ దొరుకుతారు.

ఒకే మనిషి పతకాలు వరుసగా దొరికితే విడదీసి అమ్మకండి, విడదీసేవాళ్లను ప్రోత్సహించకండి. లాభం కోసం విడగొట్టిన మూడు పతకాలు మళ్లీ ఒకచోటికి చేరడానికి ఒక్కోసారి తరం పడుతుంది. పతకాలతోపాటు వచ్చిన పోస్టు కవరు, డిశ్చార్జి కాగితం, అట్టపెట్టె కూడా పారేయకండి.

శుభ్రం చేయడం గురించి అడిగారు. చేయకండి. మనిళ్లలో వెండి సామాన్లకు విభూతో పళ్లపొడో, ఇత్తడికి చింతపండో వాడతాం. పతకం మీద ఆ పని చేస్తే పళ్లపొడి రాణి ముక్కును, కనుబొమ్మను అరగదీస్తుంది, చింతపండు పులుపు కంచు నక్షత్రం మీద వందేళ్లుగా పేరుకున్న గోధుమ రంగును తినేసి ఎర్రటి పచ్చి రాగి తేలేలా చేస్తుంది. దుకాణంలో దొరికే సిల్వర్ డిప్ కూడా అంతే, వెండి తెల్లగా, నిర్జీవంగా తయారవుతుంది. ఒకసారి అరిగిన గీత మళ్లీ రాదు, కొనేవాడు మొదటి చూపులోనే పట్టేస్తాడు. నల్లటి పొర వెండిని పాడుచేయదు, వదిలేయండి. దుమ్ముంటే మెత్తటి కుంచెతో దులపండి. పాత ప్లాస్టిక్ కవరు వల్ల పచ్చటి జిగురు పట్టి ఉంటే రిబ్బన్ తీసేసి, దూదికి కొద్దిగా అసిటోన్ అద్ది తుడవండి. ఎనామిల్ ఉన్నవాటి మీద అసిటోన్ పోయకండి. రిబ్బన్ చీకిపోయినా పారేయొద్దు, కవరులో పెట్టి ఏ పతకానిదో రాయండి, ప్రదర్శనకు కొత్తది వేసుకోండి.

దాచేటప్పుడు పీవీసీ కవర్లు వద్దు, ఆ పచ్చటి జిగురు వాటి నుంచే పుడుతుంది. పాలియెస్టర్ కవర్లు, యాసిడ్ లేని కాగితం వాడండి. రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ, ఫెల్ట్ దగ్గరకు రానివ్వకండి, వాటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. పట్టుకునేటప్పుడు రెండు వేళ్లతో అంచు పట్టుకోండి. ముఖం మీద పడిన వేలిముద్ర చెమట నెల తర్వాత మరకగా తేలుతుంది. విశాఖ ఇంట్లో ఉంచేవైతే సముద్రపు గాలికి కంచుకు చిలుము త్వరగా పడుతుంది, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, ముత్యాల్లాంటి ఆ గుళికలు రంగు మారగానే మార్చండి.

చివరిగా మీ ముత్తాతగారి పతకాలు. భారతదేశంలో 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం చారిత్రక ప్రాధాన్యం ఉండి వందేళ్లు నిండిన వస్తువు పురావస్తువు కింద లెక్కకు రావచ్చు. పురావస్తువును వ్యక్తులు దేశం దాటించకూడదు. మొదటి ప్రపంచ యుద్ధం పతకాలు చాలావరకు 1920ల మొదట్లో అందినవి, అంటే ఇప్పటికి ఆ గీత దాటేశాయి. సూట్‌కేసులో వేసుకుని విమానం ఎక్కే పని పెట్టుకోకండి. తేవాలని గట్టిగా ఉంటే ముందు భారత పురావస్తు శాఖకు చూపించి రాతపూర్వకంగా సమాధానం తీసుకోండి. నన్నడిగితే ఇంట్లోనే ఉంచండి, సమాచారం మాత్రం ఇక్కడ సేకరించండి.

అందుకు ముందు ఇంట్లోవాళ్ల చేత ఫొటోలు తీయించండి. ముందు, వెనక, ఆపైన అంచును వాలు వెలుతురులో చుట్టూ తిప్పుతూ ఎనిమిది ముక్కలుగా. భారత సైనికుల పతకాల మీద నంబరు, హోదా, పేరు, దళం ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి. దళం పొట్టి అక్షరాల్లో ఉంటుంది: మద్రాస్ సాపర్లను ఆ రోజుల్లో 2వ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్ అనేవారు, ఇంకా కర్నాటిక్ ఇన్‌ఫంట్రీ, పయొనీర్లు, సినాయ్, పాలస్తీనా వెళ్లిన హైదరాబాద్ లాన్సర్లు. వార్ మెడల్ వెండి బదులు కంచుదైతే ఆయన లేబర్ కోర్‌లోనో దళం వెంట వెళ్లిన అనుచర సిబ్బందిలోనో పనిచేసి ఉంటారు. కంచువి సుమారు 1,10,000 మాత్రమే ఇచ్చారు, తక్కువ చూపు చూడకండి. తెలుగు పేరును గుమాస్తా చెవికి విన్నట్టు రాసేవాడు, అప్పలస్వామి నాలుగు రకాలుగా కనిపిస్తాడు, ఇంటిపేరు అసలే ఉండకపోవచ్చు. అందుకే పేరుతో వెతకకండి, నంబరూ దళమూ పట్టుకోండి. మన జవాన్లకు నేవీ రిజిస్టర్ల లాంటి పుట దొరకడం అరుదు గానీ, దళం తెలిస్తే నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 95 వరుసలో ఆ దళం రోజువారీ యుద్ధ డైరీ ఉంటుంది, మెసపొటేమియాలో వాళ్లు ఏ రోజు ఏ వంతెన కట్టారో కూడా రాసి ఉంటుంది. పత్రాల కోసం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డులు చూడండి. పోర్ట్స్‌మత్ నుంచి రెండూ ఒకే రోజులో తెమిలే పని కాదు, ముందే రీడర్ కార్డులు తీసుకుని, కావలసిన ఫైళ్ల నంబర్లు ఇంట్లోనే రాసుకుని వెళ్లండి.